గ్రిల్లు కొనొద్దన్న ఆటోనగర్ షాపు

మా నాన్న 1972లో కొన్న మార్క్ 2 అంబాసిడర్ ఊళ్లో పాక కింద పన్నెండేళ్లు పడుంది. ఇంజిన్ పని పెద్ద కష్టం కాలేదు, ఆ బండి చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. టింకరింగూ అంతే, డబ్బులు పోశాం, అయింది. ఏడిపించింది మాత్రం పైసామానే. బండి ముందుండే జాలీ గ్రిల్లు, తలుపు హ్యాండిళ్లు, వీల్ కప్పులు, అద్దాల చుట్టూ రబ్బర్లు.

బయటివాళ్లకి అంబాసిడర్ అంటే ఒకటే ముఖం, 2014లో బెంగాల్‌లో దాన్ని తయారుచేసే ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడేదాకా అదే బండి అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఆన్‌లైన్‌లో "మార్క్ 2 ఒరిజినల్ గ్రిల్లు" అని పెట్టినాయనకి 3,800 పంపేశాను. వచ్చింది చూస్తే పెద్ద పెద్ద గళ్లు. అది 1979లో వచ్చిన మార్క్ 4 ముఖం, అదీ కొత్తగా కొట్టించిన డూప్లికేటు. మార్క్ 2కి ఉండేవి దగ్గర దగ్గరగా చిన్న గళ్లు. బోల్టు రంధ్రాలు కూడా కలవలేదు. ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తాడు, "డ్రిల్లు కొట్టించుకోండి సార్" అన్నాడు, ఆ తర్వాత ఎత్తలేదు.

అప్పుడు వెళ్లాను విజయవాడ ఆటోనగర్‌కి. షాపు పేరు రాయడం లేదు, ఆ పెద్దాయన వద్దన్నారు, బోర్డు కూడా ఎప్పుడో రంగు పోయి చదవడానికి లేదు. లోపల పట్టపగలే లైటు వెయ్యాలి. పైన దూలాలకి బంపర్లు వేలాడుతుంటాయి, తల దించుకుని నడవాలి. గ్రిల్లు కావాలన్నాను. ధర చెప్పకుండా "పాతది ఏమైంది బాబూ?" అని అడిగారు. ఎక్కడో పోయి ఉంటుందండీ అన్నాను. పాత ఫొటో ఉందా అంటే ఫోన్‌లో ఉన్న ఒక్కటీ చూపించాను: బండి కొన్న రోజు కొండ దగ్గర పూజ చేయించినప్పటిది. ముందంతా బంతిపూల దండ. గ్రిల్లు సగం పూల కిందే ఉంది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని, దండ పక్కన కనిపిస్తున్న నాలుగు వేళ్ల మేర చూసి "కంపెనీదే, దీన్ని వెతుక్కో. నా దగ్గర ఉన్నది నీకు అమ్మితే నువ్వే మళ్లీ వచ్చి నన్ను తిడతావు" అన్నారు. అమ్ముకోడానికి కూర్చున్న మనిషి కొనొద్దనడం నేనెప్పుడూ చూడలేదు.

ఊరెళ్లి వెతికితే వడ్ల బస్తాల వెనక దొరికింది. ఎవరో మెకానిక్ విప్పి పక్కన పెట్టాడట, మా అమ్మకి తెలుసు, నేనే అడగలేదు. రెండు చోట్ల సొట్ట, క్రోమ్ అంతా పొక్కులు. దాన్ని పట్టుకెళ్తే ఆయన ఎండలోకి తెచ్చి తిప్పి తిప్పి చూసి, సొట్ట తీయించి ప్లేటింగ్‌కి పంపారు. ముందు రాగి, దాని మీద నికెల్, ఆపైన పల్చగా క్రోమ్. మెరుపంతా నిజానికి నికెల్‌దేనట, క్రోమ్ దానికి కాపలా. చవగ్గా చేసేవాళ్లు రాగి పూత ఎగ్గొడతారు, రెండు వానాకాలాలకే మళ్లీ పొక్కులు లేస్తాయి. మొత్తం 5,500 అయింది, మూడు వారాలన్నది ఆరు వారాలు పట్టింది. కానీ బిగించినప్పుడు బోల్టులు చేత్తోనే తిరిగాయి, స్పానర్ చివర్లో బిగించడానికే.

హ్యాండిళ్ల దగ్గర మాత్రం ఆయనా చేతులెత్తేశారు. పాతవి మజాక్ పోత, అంటే జింక్ కలిపిన లోహం. దానికి గుంటలు పడితే యాసిడ్‌లో వేసి పాత పూత తీసేటప్పుడు గుంటలు ఇంకా లోతవుతాయి, అందుకే ప్లేటింగ్ వాళ్లు ముట్టుకోరు. నాలుగింటిలో రెండు బతికాయి. మిగతా రెండూ ఆయన డబ్బాలోంచి తీసిన పాత స్టాకు, గ్రీజు కాగితం చుట్టి ఉంది. ఒక చేతిలో అది, ఇంకో చేతిలో డూప్లికేటు పెట్టారు. బరువులోనే తెలిసిపోయింది.

ఇక తిట్టాల్సినవి. బిల్లు ఇవ్వరు. ఫోన్ ఎత్తరు. ముందు అద్దానికి అక్కడే కొన్న రబ్బరు మూలల్లో సరిగ్గా కూర్చోలేదు, మొదటి వానకే నా కాళ్ల కింద మ్యాటు పిండుకోవాల్సి వచ్చింది. అడిగితే "రబ్బరు లోకల్ సరుకే బాబూ, చెప్పాగా" అన్నారు. చెప్పలేదు. రబ్బర్ల కోసమైతే అక్కడికి వెళ్లకండి.

ఇంత తంటా ఎందుకని మా ఆవిడ రోజూ అడుగుతుంది. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000, కొత్తగా నంబరు తీసుకునే బండికైతే అందులో వీఏ అని వస్తుంది, ముందే రిజిస్టరైన దానికి పాత నంబరే ఉంటుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. గ్రిల్లు సంగతి అందులో ఎక్కడా లేదు, అది నా పిచ్చే. పైగా ఆ రిజిస్ట్రేషన్ మీద బండిని రోజువారీ తిప్పకూడదు కూడా, అందుకే ఇంకా ఆలోచిస్తున్నాను.

నా మార్కులు అయిదుకి నాలుగు, పోయిన ఒకటి రబ్బరుకే. వెళ్లేవాళ్లు ఫొటోలు కాదు, విరిగినదైనా సరే పాత ముక్కనే పట్టుకెళ్లండి, పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు షట్టర్ తీయరు. నాకింకా వెనక లైటు అద్దం ఒకటి రావాలి. సంక్రాంతి తర్వాత కనపడమన్నారు, ఏ సంక్రాంతో చెప్పలేదు.