బొకారో ఎక్కి అలెప్పీ నీళ్ల మీదకు

విజయనగరం వాళ్లకి కేరళ అనుకున్నంత దూరం కాదు. ధన్‌బాద్ నుంచి వచ్చే అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌ని మనవైపు ఇప్పటికీ బొకారో అనే అంటారు. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వచ్చి, తిన్నగా ఆలప్పుళ దాకా పోతుంది, అలెప్పీ అన్నది ఆ ఊరి పాత పేరే. మధ్యలో బండి మారక్కర్లేదు. కాకపోతే నవంబరు నుంచి జనవరి దాకా అయ్యప్ప స్వాముల రద్దీ, బెర్తు దొరకదు. అందుకే మేం ఫిబ్రవరిలో వెళ్లాం. రోజు దాటిన ప్రయాణం. బండిలో అమ్మే భోజనం సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, అత్తగారు కట్టించిన పులిహోర తమిళనాడు వచ్చేదాకా ఆదుకుంది.

ఆలప్పుళలో హౌస్‌బోట్లు వందల్లో ఉన్నాయి. స్టేషన్ బయటే బ్రోకర్లు చుట్టుముడతారు. ఒకాయన ఫోన్‌లో మెరిసిపోతున్న బోటు ఫొటో చూపించి, రేవుకి తీసుకెళ్లి చాపలు చివికిపోయి డీజిల్ కంపు కొట్టేదాని ముందు నిలబెట్టాడు. ఆయనకో దండం పెట్టి, పున్నమడ రేవులో నాలుగైదు బోట్లు ఎక్కి దిగి, రెండు గదులది బేరమాడుకున్నాం. మీరూ ఎక్కి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. బాత్రూంలో నీళ్లు సరిగ్గా వస్తున్నాయా, ఏసీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వేస్తారు అన్నవి ముందే తేల్చుకోవాలి. తక్కువ రేటు బోట్లలో సాధారణంగా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు వరకే ఏసీ. మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కించుకుంటారు, మర్నాడు తొమ్మిదికి దించేస్తారు. ఇందులోనూ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకి కట్టేస్తారు, చీకటి పడ్డాక జాలర్లు వలలు వేసుకోవాలి కదా. లెక్క వేస్తే బోటు నిజంగా కదిలేది ఐదారు గంటలే. ఇది తెలియక చాలామంది రాత్రంతా నీళ్ల మీద సాగిపోతామనుకుని వస్తారు.

ఈ బోట్లని అక్కడ కెట్టువళ్ళం అంటారు. ఒకప్పుడు ధాన్యం మోసిన పడవలు. చెక్కల్ని మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసేవాళ్లు. రోడ్లు, లారీలు వచ్చాక పని పోయి ఒడ్డున పడి ఉన్నవాటికి 1990ల్లో పైకప్పు వేసి, గదులు కట్టి టూరిస్టుల కోసం మార్చారు. ఇప్పుడు కొన్నింటికి రెండంతస్తులు, పైన డీజే కూడా. అలాంటిది పక్కన చేరిందంటే మీ ప్రశాంతత అయిపోయినట్టే.

మొదటి గంట నాకు నచ్చలేదు. వేంబనాడ్ పెద్ద సరస్సు, నిజమే, మన దేశంలో అన్నిటికంటే పొడవైనది. కానీ అన్ని బోట్లూ ఒకే దారిన బారులు తీరి పోతుంటే ఊరేగింపులో ఉన్నట్టుంది. పైగా అక్కడక్కడా గుర్రపుడెక్క. పంట పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కకుండా వేసవి ముందు తన్నీర్‌ముక్కం దగ్గరున్న బ్యారేజీ షట్టర్లు దించేస్తారు. ఉప్పు తగలక గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుందట. డ్రైవరుతో మాట్లాడి పక్క కాలవల్లోకి పోనివ్వమన్నాం. పెద్ద బోట్లు అందులోకి పట్టవు, చిన్నది తీసుకోవడంలో లాభం అదే.

అసలు కేరళ అక్కడ మొదలైంది. అది కుట్టనాడు, సముద్ర మట్టానికి కిందుగా వరి పండించే నేల. కాలవకీ పొలానికీ మధ్య సన్నటి గట్టు, ఆ గట్టు మీదే ఇళ్లు, కొబ్బరి చెట్లు, గుడి, బడి. మెట్ల మీద ఒకావిడ గిన్నెలు తోముకుంటోంది, మా బోటు వైపు తలెత్తనైనా లేదు. బొబ్బిలి దగ్గర వ్యవసాయం చేసిన మా అత్తగారు మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నారు.

"ఏటి బాబూ ఇది, కాలవ పైనుంది, మడి కిందుంది?"

నీళ్లు తోడేసి వరి వేస్తారని డ్రైవరు చెప్పింది వివరించాను. "మనం చెరువు నిండలేదని ఏడుస్తాం, ఈళ్లు నీళ్లు తోడిపోయడానికి మోటార్లెట్టుకున్నారా!" అని ఆవిడ చాలాసేపు తేరుకోలేదు. చీకటి పడేవరకు పంట గురించి అడుగుతూనే ఉన్నారు. నా మలయాళం సున్నా, డ్రైవరు హిందీ అంతంతమాత్రం, అయినా వాళ్లిద్దరికీ నడిచిపోయింది.

బోటు కట్టేశాక ఇంజను ఆగింది. కొబ్బరి చెట్ల వెనక నుంచి గుడి పాట వినిపించింది. పిల్లలు గట్టు మీద పరుగులు పెట్టారు. దోమలు కూడా సరిగ్గా అప్పుడే వచ్చాయి, ఓడోమాస్ తప్పనిసరి. వంటాయన కరిమీన్ చేపకి మసాలా పట్టించి అరిటాకులో చుట్టి కాల్చాడు. మా ఇంట్లో అందరికీ నచ్చింది అదొక్కటే. లావు ఎర్ర బియ్యం అన్నం, కొబ్బరినూనె కూరలు అత్తగారికి పడలేదు. వేరే నూనె వాడమని మధ్యాహ్నం ఎక్కేటప్పుడే చెప్పుకోవాలి.

రెండో రాత్రి కూడా బోటు వద్దు, ఒక్కటి చాలు. మేం మర్నాడు కాలవ పక్కన హోమ్‌స్టేలో దిగాం. ఖర్చు అందులో మూడో వంతు కూడా కాలేదు, ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, శనగల కూర వేడివేడిగా పెట్టారు. డబ్బుకి వెనకాడని కొత్త జంటలైతే సరస్సు తూర్పు ఒడ్డున కుమరకోం చూసుకోవచ్చు, రద్దీ తక్కువ. అంత దూరం వద్దనుకుంటే మనకి దగ్గర్లో పాలకొల్లు అవతల దిండి ఉంది. అక్కడా హౌస్‌బోటు వసిష్ఠ గోదావరి మీద తిరుగుతుంది, భోజనం మన నోటికి పడుతుంది. కానీ అది పెద్ద నది, ఇళ్ల గుమ్మాల పక్క నుంచి పోయే కాలవలు ఉండవు.

బోటు ఖర్చు బరువనిపిస్తే ఆలప్పుళ జెట్టీలో కొట్టాయం వెళ్లే ప్రభుత్వ బోటు ఎక్కండి. రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు మన ఆర్టీసీ పల్లెవెలుగు ధరల్లోనే. బడి పిల్లలు, కూరగాయల సంచులు, గట్టు గట్టుకీ ఒక స్టాపు. ఏసీ లేదు, వంటాయన లేడు. అత్తగారిని అడిగితే హౌస్‌బోటు కంటే ఇదే బాగుందంటారు. మా పిల్లలు మాత్రం ఒప్పుకోరు, వాళ్లకి పడుకోవడానికి మంచం ఉన్న పడవే పడవ.