నాలుగేళ్ళు వాడిన ఇంటి కండెన్సర్: రాగి అతుకుల సమీక్ష

నిమ్మగడ్డి నూనె తీయడానికి, ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చేలా సొంతంగా చేసుకున్న కండెన్సర్‌ను నాలుగేళ్ళుగా వాడుతున్నాను. ఏసీ మెకానిక్‌లు వాడే అర అంగుళం రాగి గొట్టాన్ని చుట్టలుగా చుట్టి, నీళ్ళు పారే ప్లాస్టిక్ డ్రమ్ములో దించి, కుండ మూత నుంచి వచ్చే ఆవిరి గొట్టానికి కలిపాను. 10 కిలోల పచ్చిగడ్డికి 30 నుంచి 40 మిల్లీలీటర్ల నూనె దిగుతోంది కనుక, చల్లబరిచే పనిలో దానికి వంక పెట్టలేను. ఇబ్బంది పెట్టినవి అతుకులే. ఉన్న ఆరింటిలో నాలుగు ఎప్పుడో ఒకప్పుడు కారాయి.

మొదటి తప్పు కొట్టులోనే జరిగింది. ఏసీ సామాను అమ్మేచోట అర అంగుళం అంటే గొట్టం బయటి కొలత, అంటే 12.7 మిల్లీమీటర్లు, ప్లంబింగ్ కొట్టులో అదే మాటకు 15 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయే ఎల్బో (మలుపు దగ్గర గొట్టాలను కలిపే ముక్క) చేతికిచ్చారు. టంకం తనంతట తాను లోపలికి పాకాలంటే సందు మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాలి. నా అతుకులో చుట్టూ మిల్లీమీటరుకు పైగా ఖాళీ ఉండడంతో, పోసిన టంకం లోపలికి పోకుండా అంచున ముద్దలా నిలిచి, మూడో వంటకే ఊడిపోయింది.

రెండో అతుకు విషయంలో టంకం తీగను తప్పుపట్టి నెలరోజులు తిరిగాను. రేడియో పనికి కొన్న తీగలో ఉండే రాజనం (రాగిని శుభ్రంచేసి టంకం అంటుకునేలా చేసే బంక) ఇంత పెద్ద గొట్టానికి చాలదని, టార్చి మంటకు అది మాడి నల్లబడ్డాక టంకం పూసలుగా జారిపోవడమే తప్ప రాగిని పట్టుకోదని ఆలస్యంగా అర్థమైంది. పాత్రలకు కళాయి వేసేవారు ముందు గిన్నెను తోమి, కాచి, నవాసారం చల్లిన తరువాతే తగరం ఎందుకు రుద్దుతారో నాకప్పుడు బోధపడింది. ఇప్పుడు రెండు ముఖాలనూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, వెంటనే రాజనం పనే చేసే ఫ్లక్స్ పేస్టు పలుచగా రాసి, మంటను టంకం మీద కాక ఫిట్టింగ్ మీద చూపుతాను. మంట తీశాక తీగను తాకిస్తే, గొట్టం వేడికే అది కరిగి లోపలికి పోవాలి. చల్లారాక ఫ్లక్స్‌ను వేడినీళ్ళతో కడగకపోతే అతుకు చుట్టూ పచ్చని చిలుము పడుతుంది. దాన్ని నేను ఒకసారి కారుడు అనుకొని, బాగున్న అతుకునే విప్పాను.

మరమ్మతులో అన్నిటికంటే విసిగించింది గొట్టంలో మిగిలిన నీరు. చెంచాడు నీళ్ళున్నా రాగి 100 డిగ్రీలు దాటదు, తగరం ప్రధానంగా ఉండి సీసం లేని తీగ కరగడానికి 227 డిగ్రీలు కావాలి. ఒకవేళ కరిగినా, ఆవిరి బయటికి తన్నుకొచ్చి సూదిబెజ్జాలు చేస్తుంది. సైకిలు పంపుతో గాలి ఊది, గొట్టం రెండు చివరలూ తెరిచి, మెల్లగా వేడిచేసి ఆరబెట్టిన తరువాతే టార్చి పట్టుకోవాలి. సీసం కలిసిన తీగ దాదాపు 190 డిగ్రీలకే పూర్తిగా కరిగి పని సులువు చేస్తుంది. అయితే నూనెతో పాటు దిగే సువాసన నీటిని ఇంట్లో వాడుతాము కనుక దాని జోలికి నేను వెళ్ళలేదు.

డ్రమ్ములో మునిగిన అతుకులు, సరిగా వేశాక, మళ్ళీ కారలేదు. కుండ మూత దగ్గరిది మాత్రం టంకానికి లొంగలేదు. ఒకనాడు నీళ్ళు ఇంకిపోయి గడ్డి మాడినప్పుడు, ఆ పొడి వేడికి అతుకు మెత్తబడి జారిపోయింది. దానికి ఏసీ మెకానిక్‌తో రాగి, భాస్వరం కలిసిన కడ్డీతో బ్రేజింగ్ (టంకం కంటే ఎక్కువ వేడిలో వేసే అతుకు) చేయించాను. రాగికి రాగి అతకడానికి ఆ కడ్డీకి ఫ్లక్స్ అక్కరలేదు గాని, మూతకున్నది ఇత్తడి యూనియన్ (విప్పి బిగించే జోడింపు) కావడంతో అక్కడ తప్పలేదు. అది రెండేళ్ళుగా చెక్కుచెదరలేదు. కాకపోతే అంత వేడికి గొట్టం మెత్తబడి, చుట్ట బరువుకు ఒరుగుతుండటంతో, కింద చెక్క దిమ్మ పెట్టవలసి వచ్చింది.