మందం, క్షీణం: రెండు రకాల మసక

దీపపు వెలుగు తగ్గిందని చెప్పడానికి ‘మందం’, ‘క్షీణం’ అనే రెండు సంస్కృత పదాలూ పనికివస్తాయి గాని, వాటి అర్థాలు ఒకటి కావు.

‘క్షీణ’ అనేది తరగడం, నశించడం అనే అర్థాలున్న ‘క్షి’ ధాతువు నుండి ఏర్పడిన భూతకృదంతం, అంటే పని జరిగిపోయిందని తెలిపే విశేషణ రూపం. క్షయం, అక్షయం అనే మాటలదీ ఆ పుట్టుకే. ఊపిరితిత్తులకు సోకి మనిషిని కృశింపజేసే వ్యాధికి క్షయ అని పేరు రావడంలోనూ ఈ అర్థమే కనిపిస్తుంది. కనుక క్షీణచంద్రుడు అన్నప్పుడు, అంతకు ముందు నిండుగా ఉండి, కృష్ణపక్షంలో రోజురోజుకూ తరుగుతున్న చంద్రుడే స్ఫురిస్తాడు.

‘మంద’ పదానికి అటువంటి గతం అక్కరలేదు. నెమ్మది, మొద్దుతనం, బలహీనత, వెలుగులేమి అన్నీ అందులో ఇమిడిపోయాయి: మందగమనం, మందమతి, మందాగ్ని, మందకాంతి. సూర్యుని చుట్టూ తిరగడానికి దాదాపు 29.5 ఏళ్లు పట్టే శనికి మందుడని, శనివారానికి మందవారమని పేర్లు వచ్చింది ఆ నెమ్మదితనం వల్లనే. పైగా ఈ మాట ఎప్పుడూ నింద కాదు. మందహాసంలోనూ మందమారుతంలోనూ ఉన్నది సౌకుమార్యమే. (దళసరి అనే అర్థంలో వాడే ‘మందం’ సంగతి వేరు.)

మొదటినుండీ చిన్నగా వెలిగే దీపానిది మందకాంతి. నూనె అయిపోవస్తున్న దీపానిది క్షీణకాంతి. చూపు విషయంలో మాత్రం ‘మందగించింది’ అన్నా ‘క్షీణించింది’ అన్నా చెల్లుతుంది, అయితే రెండవదానిలో నష్టం మరింత తీవ్రంగా వినిపిస్తుంది.