కొండపల్లి పల్లెటూరి బొమ్మల సెట్టు: ఒక కొనుగోలుదారు సమీక్ష

సంక్రాంతి కొలువు కోసం ఈసారి విజయవాడ దుకాణాల్లో వెతకకుండా నేరుగా కొండపల్లి బొమ్మల కాలనీకే వెళ్లి, అక్కడివారు పల్లెటూరి సెట్టు అని పిలిచే బొమ్మల వరుసను కొని తెచ్చుకున్నాను. రోట్లో వడ్లు దంచే ఇద్దరు స్త్రీలు, తిరగలి తిప్పే అవ్వ, చేటతో బియ్యం చెరిగే ఆమె, కవ్వం పట్టిన ఇల్లాలు, కావడి మోసే మనిషి, సారె ముందు కుమ్మరి, కొలిమి దగ్గర కమ్మరి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి, గంగిరెద్దును ఆడించే అతను, తలమీద అక్షయపాత్రతో హరిదాసు ఇందులో ఉన్నారు. నా బాల్యం కొండపల్లిలోనే గడిచింది. సొంత ఊరి వస్తువును సమీక్షించేవారికి పక్షపాతం ఉంటుందన్న మాట నిజమే కానీ, ఈ పనులన్నీ దగ్గర నుంచి చూస్తూ పెరిగినవారికే వీటి తప్పొప్పులు తెలుస్తాయి. అందుచేత ఈ బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్న దానికంటే, మా ఊరి పనీపాటలను ఎంత నిజంగా నిలిపి ఉంచాయన్నదే నేను చూశాను.

ఆ లెక్కన ఈ సెట్టులో అన్నిటికంటే మేలైనది వడ్లు దంచే జంట. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి పైకి లేచిన క్షణంలో రెండోవారి రోకలి కిందికి దిగాలి. ఇద్దరూ ఒకేసారి ఎత్తితే రోకళ్లు ఢీకొంటాయి. ఈ బొమ్మ చేసిన చేతులకు ఆ సంగతి తెలుసు. ఒకామె రెండు చేతులూ తలకంటే ఎత్తుకు లేచి నడుము నిటారుగా ఉంది, రెండో ఆమె ముందుకు వంగి ఉంది, ఇద్దరి చీరకుచ్చెళ్లూ ఎగదోపి ఉన్నాయి. సంక్రాంతికి నెల ముందు మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో అరిసెల కోసం నానబెట్టిన బియ్యం దంచేటప్పుడు ఇదే భంగిమ, ఇదే వరుస. ఊపిరి బిగబట్టి రోకలి వేసి, వదులుతూ "హుఁ" అనే ఆ శబ్దం ఒక్కటే బొమ్మలో లేదు. తిరగలి దగ్గర కూర్చున్న అవ్వ ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చోవడం కూడా సరిగ్గా కుదిరింది. గంటలకొద్దీ కందులు విసిరేవారు అలాగే కూర్చుంటారు, బాసింపట్టు వేసుకొని ఎవరూ విసరరు. చిన్న విషయంలా కనిపించినా, ఇలాంటివి ఫోటో చూసి చెక్కితే రావు.

ఈ పనితనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే బొమ్మ తయారయ్యే తీరు కొంత చెప్పాలి. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి కర్ర. మా ఊరి వెనుక ఉన్న కొండల అడవిలో పెరిగే ఈ చెట్టు కర్ర చాలా తేలిక, ఉలికి సులువుగా లొంగుతుంది. ఆ ముక్కలను సన్నని సెగ మీద ఆరబెట్టి, తేమ పూర్తిగా పోయాక చెక్కుతారు. మొండెం, తల, చేతులు విడివిడిగా చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. చీర మడతలు, నగలు, జడ వంటివి కూడా ఆ మక్కుతోనే తీర్చిదిద్దుతారు. ఆ తరువాత సుద్ద పూత, అది ఆరాక రంగులు, చివరకు మేకవెంట్రుకల కుంచెతో కళ్లూ కనుబొమలూ. చెక్కడం ఎక్కువగా మగవారు చేస్తే, రంగుల పనిలో ఇంటి ఆడవారిది పెద్ద చేయి. చిన్నతనంలో మేము వేసవిలో చింతపండు కొట్టగా మిగిలిన గింజలను డబ్బాల్లో పోగుచేసి బొమ్మల వాళ్ల ఇళ్లకు ఇచ్చి వచ్చేవాళ్లం. బదులుగా చెయ్యి విరిగిన చిలకో, చక్రం లేని బండో దొరికేది. వీధి అరుగుల మీద పొణికి చెక్కపేళ్లు ఎప్పుడూ పరుచుకొని ఉండేవి, వాన పడితే మక్కు పులిసిన వాసన వీధంతా పట్టేది. మొన్న ఆ వీధుల్లో నడిచినప్పుడు ఆ వాసన తగలగానే ఎంతో సంతోషం కలిగింది, చాటుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఊరి చరిత్ర సంగతికి వస్తే, కొండపల్లి పేరు చెప్పగానే అందరూ ఖిల్లా గురించే చెబుతారు. పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో వెలసిన ఆ కోట తరువాత గజపతుల చేతికీ, వారి నుంచి శ్రీకృష్ణదేవరాయలకూ, ఆ మీదట కుతుబ్‌షాహీలకూ, మొగలులకూ, నిజాముకూ చేరి, 1766లో ఇంగ్లీషువారి వశమైంది. ఇంతమంది రాజ్యం చేసిన చోట ఇప్పుడు చూడటానికి మిగిలినవి దర్గా దర్వాజా, మూడంతస్తుల రాతి బురుజు, రాజమహలు శిథిలాలు, కొండ మీద విరూపాక్షుని గుడి, ఒక దర్గా. బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చి రెడ్డిరాజుల నీడన ఇక్కడ స్థిరపడ్డారని, ముక్తర్షి అనే ముని తమకు ఈ విద్య ప్రసాదించాడని వారి ఇళ్లలో చెప్పుకుంటారు. అయితే రాజులు పోయాక ఈ విద్యను బతికించింది కృష్ణా, గుంటూరు సీమల ఇళ్లలోని సంక్రాంతి కొలువులేనని నా నమ్మకం. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కొని మెట్ల మీద పెట్టాలన్న ఆనవాయితీ వల్ల ఈ వీధుల్లో పొయ్యి వెలిగింది. దశావతారాలూ అంబారీ ఏనుగూ కొలువులో పైమెట్ల మీదికి వెళ్తే, పల్లెటూరి సెట్టు కింది మెట్టు మీదో, ఆవాలు చల్లి మొలకెత్తించిన మట్టితో చేసిన చిన్న పొలం పక్కనో ఉండేది. పిల్లలకు చేయి అందేది అక్కడే కాబట్టి మాకు తెలిసిన బొమ్మలన్నీ అవే.

ఇక లోపాలు. కుమ్మరి సారె బాగా మందంగా, తిరగలి రాయిలా ఉంది; కుమ్మరి చేతులు కుండ మీద కాకుండా గాలిలో ఉన్నాయి. దీన్ని చేసినవారు సారె మీద మట్టి లేవడం చూసి ఉండరేమో అనిపించింది. కమ్మరి పక్కన గాలి ఊదే తిత్తి లేదు, తిత్తి లేకుండా కొలిమి మండదు. హరిదాసు ముఖంలో కళ్లు హడావుడిగా దిద్దారు, ఒక కన్ను రెండోదానికంటే కిందికి జారింది. ఇంటికి తెచ్చాక బండి ఎద్దుల్లో ఒకదాని కొమ్ము ఊడి వచ్చింది. అతుకు లోపల మక్కు ఇంకా మెత్తగానే ఉంది, అంటే పూర్తిగా ఆరకముందే రంగు వేశారన్నమాట. పండుగ గిరాకీ తొందరలో ఇలా జరుగుతుందని ఊహించగలను గానీ, రెండు వేల రూపాయలకు చేరువగా పెట్టి కొన్నవారికి అది సమాధానం కాదు. పైగా ఈ సెట్టులో కొండ నుంచి తలమీద పొణికి మోపు దించుకొచ్చే స్త్రీ లేదు. మా ఊరిని మా ఊరిగా చేసిన మనిషి ఆమె. ఎవరైనా ఆ బొమ్మను చెక్కితే మొదటి బొమ్మ నేనే కొంటాను.

రంగుల విషయంలో కొనేవారు ముందే ఒక నిర్ణయానికి రావాలి. నూనె రంగుల బొమ్మ మెరుస్తుంది, తడి బట్ట తగిలినా కొంత ఓర్చుకుంటుంది, ధర తక్కువ. ప్రకృతి రంగుల బొమ్మకు ఆ మెరుపు ఉండదు, ధర ఎక్కువ, కానీ చీర మడతల్లోని చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. నేను రెండో రకమే తీసుకున్నాను. పల్లెటూరి సెట్టుకు అదే నప్పుతుంది, మట్టిలో పనిచేసే మనుషుల మీద వార్నిషు మెరుపు అతకదు. పసిపిల్లలున్న ఇళ్లవారు కూడా ప్రకృతి రంగులే అడిగి తీసుకోవడం మంచిది.

నగరంలోని కొన్ని దుకాణాల్లో అచ్చులో పోసిన బొమ్మలను కూడా కొండపల్లి బొమ్మలుగా చెప్పి అమ్ముతున్నారు. పొణికి బొమ్మను చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి బరువే ఉండదు, అచ్చు బొమ్మ చల్లగా, బరువుగా తగులుతుంది. బొమ్మ అడుగున రంగు లేని చోట కర్ర చార కనిపిస్తుందో లేదో చూడాలి. ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే, చేతిపని అయితే వాటి ముఖాలు ఒకేలా ఉండవు. ఏటికొప్పాక బొమ్మలతో కలగాపులగం చేయడం కూడా సరికాదు. అవి అంకుడు కర్రను తరిమెన పట్టి, అంటే గిరగిర తిప్పుతూ చెక్కి, లక్క పూత వేసే బొమ్మలు, గుండ్రదనం వాటి అందం. కొండపల్లి బొమ్మ చెక్కి అతికేది. రెండూ మనవే, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, అయితే దేని పేరు దానికే చెప్పాలి.

బొమ్మల కాలనీలో నాకు దొరికిన ఆదరణ గురించి ఒక మాట. కొమ్ము ఊడిన ఎద్దును తీసుకొని మళ్లీ వెళ్తే, బొమ్మ అమ్మిన పెద్దామె చూసి, "అయ్యో, పచ్చి మీద రంగేశారమ్మా, రెండు రోజులు ఉంచి వెళ్లండి" అని అప్పటికప్పుడు అతికి ఆరబెట్టారు, డబ్బు పుచ్చుకోలేదు. తిత్తి సంగతి చెబితే వాళ్ల అబ్బాయి కాగితం ముందుకు జరిపి గీసి చూపమన్నాడు. విజయవాడ దుకాణంలో ఈ వీలు ఉండదు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో ఉత్పత్తి మొదలుపెట్టాక, నాతో చదివిన బొమ్మల ఇళ్ల పిల్లలు కొందరు నెల జీతాలకు వెళ్లారు. వారిని తప్పుపట్టలేం. ఉలి వదలని ఇళ్లలో మాత్రం ఇంకా ఇలా కూర్చోబెట్టి మాట్లాడతారు.

వెళ్లదలచినవారికి విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులూ ఆటోలూ ఉన్నాయి, కాజీపేట మార్గంలో రాయనపాడు దాటాక కొండపల్లి స్టేషను వస్తుంది. పొద్దున్నే ఖిల్లా ఎక్కి దిగి, ఎండ ముదిరేలోగా బొమ్మల కాలనీకి చేరడం అనువుగా ఉంటుంది. సంక్రాంతి ముందటి వారంలో కాకుండా కార్తీకంలోనే చెప్పి చేయించుకుంటే అతుకులు ఆరడానికి సమయం ఉంటుంది. కొలువు ఎత్తేశాక బొమ్మలను తడి బట్టతో తుడవకుండా మెత్తని కుంచెతో దులిపి, పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, ఎండిన వేపాకు వేసి చెక్కపెట్టెలో దాచాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ చేరి మక్కు వదులవుతుంది.