నల్లగొండలో ఒక బరువు తగ్గించే కేంద్రం: ఆహార పట్టిక మేలు, ఆవిరి పెట్టె దండగ

నల్లగొండ పట్టణంలోని ఒక బరువు తగ్గించే కేంద్రంలో మూడు నెలల ప్యాకేజీ పూర్తిచేశాను. మొదటి వారంలోనే 4 కిలోలు తగ్గిస్తామన్నది వారి ముఖ్యమైన హామీ. బరువు దాదాపు ఆ మేరకు తగ్గింది కానీ, తగ్గింది కొవ్వు కాదు. శక్తి కొత్తగా పుట్టదు, నశించదు అనే ఉష్ణగతికశాస్త్ర మొదటి నియమం ప్రాణులకూ వర్తిస్తుందని 1890లలో జర్మనీలో శాస్త్రవేత్త మాక్స్ రూబ్నర్ కుక్కపైన, అమెరికాలో శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ మూసిన గదిలో ఉంచిన మనుషులపైన కొలిచి చూపారు. ఒంట్లోని కిలో కొవ్వు కరగాలంటే తిన్నదానికన్నా సుమారు 7,700 కిలోక్యాలరీలు ఎక్కువ ఖర్చుకావాలి; వారంలో 4 కిలోలంటే రోజుకు 4,400. మామూలు పనులు చేసుకునే మనిషి రోజంతా ఖర్చుపెట్టేదే సుమారు 2,000 నుంచి 2,500 గనుక, ఏడు రోజులూ కటిక ఉపవాసం ఉన్నా ఈ లెక్క కుదరదు. అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గిస్తే కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు బయటికి పోతుంది. మొదటి వారం తేలిక ప్రధానంగా అదే.

చెమటతో కొవ్వు కరిగిస్తామంటూ కూర్చోబెట్టే ఆవిరి పెట్టె మరీ అన్యాయం. చెమట శరీరం వేడిని వదిలించుకునే మార్గమే గాని కొవ్వును కాల్చే పొయ్యి కాదు. చెమట పట్టినంత మాత్రాన కొవ్వు కరిగేదైతే, 44 డిగ్రీల ఎండలో మన జిల్లాలో ఎవరికీ పొట్ట ఉండేది కాదు. పైగా అక్కడ బరువు తూచేది ఆవిరి పట్టిన తరువాతే, నీళ్లు తాగకముందే.

తాము ఇచ్చే ప్రోటీన్ పొడి అరగడానికే చాలా శక్తి ఖర్చవుతుందని వారు చెప్పేది సగం నిజం. తిన్నదాన్ని అరిగించి, శరీరానికి పనికివచ్చేలా మార్చేటప్పుడు కొంత శక్తి వేడిగా పోక తప్పదని ఉష్ణగతికశాస్త్ర రెండో నియమం చెబుతుంది. ఆ ఖర్చు, తిన్నదానిలోని శక్తిలో, ప్రోటీన్‌కు 20 నుంచి 30 శాతం, కొవ్వుకు 3 శాతం లోపు. అయితే పప్పు, గుడ్డు, పెసలు తిన్నా ఇదే జరుగుతుంది. ఈ పొడి క్యాలరీలు లెక్కలోకి రావన్న సిబ్బంది మాట మాత్రం శుద్ధ అబద్ధం.

మూడో నెలలో బరువు కదలకపోతే, దొంగచాటుగా తింటున్నారని నన్నే నిలదీశారు. ఒళ్లు తగ్గేకొద్దీ విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తీ తగ్గుతుందని, తక్కువ తినేవారు తెలియకుండానే తక్కువ కదులుతారని ఇలాంటి కేంద్రం నడిపేవారికి తెలిసి ఉండాలి.

మెచ్చుకోవలసింది ఆహార నిపుణురాలిని. ఆమె నా బరువు కన్నా ముందు, ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె వాడతారని అడిగారు. లీటరు నూనెలో దాదాపు 8,200 కిలోక్యాలరీలు ఉంటాయి కాబట్టి, చెంచాతో కొలిచి పోయమన్నారు. జొన్నరొట్టె మానమనలేదు, ఎన్ని తినాలో చెప్పి, పక్కన పప్పు, ఆకుకూర పెంచారు. ఆమె సలహాకు విడిగా రుసుము ఉంది. ప్యాకేజీ కట్టకుండా అంతవరకే అడిగి తీసుకోవచ్చు.