సోయ్ అబుర్రీదో, ఎస్తోయ్ అబుర్రీదో, మె అబుర్రో: ఏది మేలు?

స్పానిష్ క్లాసులో బోర్ కొట్టి 'సోయ్ అబుర్రీదో' అన్నారనుకోండి, టీచర్‌కి నవ్వొస్తుంది. మీరు చెప్పింది 'నాకు బోర్ కొడుతోంది' అని కాదు, 'నేను ఒట్టి బోరు మనిషిని' అని. అనాల్సింది 'ఎస్తోయ్ అబుర్రీదో'. మాట అదే, ముందున్న క్రియ మారితే విసుగు పుట్టించేవాడు కాస్తా విసుగు పుట్టినవాడవుతాడు.

'అబుర్రీర్' అంటే విసిగించడం. దాని నుంచి వచ్చిన విశేషణం అబుర్రీదో. చిక్కంతా సెర్, ఎస్తార్ అనే రెండు క్రియల దగ్గరే. రెండింటికీ 'ఉండు' అనే అర్థం; 'నేను'తో సెర్ సోయ్ అవుతుంది, ఎస్తార్ ఎస్తోయ్ అవుతుంది, 'అతను', 'అది' లాంటి వాటితో ఎస్, ఎస్తా అవుతాయి. చాలా పుస్తకాలు సెర్ శాశ్వతానికి, ఎస్తార్ తాత్కాలికానికి అని చెబుతాయి. ఈ సూత్రాన్ని నేను నమ్మను. చనిపోయాడు అనడానికి 'ఎస్తా ముఎర్తో' అంటారు, ఎస్తార్‌తోనే. చావు కంటే శాశ్వతం ఏముంది? ఏదో జరిగాక మిగిలిన స్థితిని చెప్పేది ఎస్తార్, మనిషో వస్తువో ఎలాంటిదో చెప్పేది సెర్ అనుకుంటే లెక్క సరిపోతుంది.

నిజానికి ఈ తేడా తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 'నేను బద్ధకస్తుణ్ణి' అన్నప్పుడు మనకు క్రియే అక్కర్లేదు, 'నేను నీరసంగా ఉన్నాను' అన్నప్పుడు 'ఉన్నాను' కావాలి. మొదటిది సోయ్, రెండోది ఎస్తోయ్. అయితే దీన్ని మరీ సాగదీయకూడదు. 'అతను పొడుగ్గా ఉంటాడు' అని మనం అంటాం, వాళ్లు మాత్రం సెర్ వాడి 'ఎస్ ఆల్తో' అంటారు.

మనుషుల సంగతి ఇలా తేలిపోయింది కానీ, సినిమాలు, పార్టీల దగ్గర గీత ఇంత గట్టిగా ఉండదు. సినిమా బోరు అనడానికి 'లా పెలీకులా ఎస్ అబుర్రీదా' అనేది మామూలు మాట. పార్టీ ఇప్పుడు చప్పగా నడుస్తోందంటే 'లా ఫియెస్తా ఎస్తా అబుర్రీదా'. మెక్సికోలో సినిమాకు కూడా 'ఎస్తా' వినిపిస్తుంది. కొలంబియాలోనైతే బోరు కొట్టించేదానికి 'అబుర్రిదోర్' అని వేరే మాటే ఉంది. అందరూ అలాగే అంటే మనకు ఈ టెన్షనే ఉండేది కాదు.

ఇంకో ఇబ్బంది లింగం. మనం మంచి అబ్బాయి, మంచి అమ్మాయి అంటాం, 'మంచి' మారదు. స్పానిష్‌లో ఆడవాళ్లు 'ఎస్తోయ్ అబుర్రీదా' అనాలి. నలుగురు ఆడవాళ్లు కలిసి 'మాకు బోర్ కొడుతోంది' అంటే 'ఎస్తామోస్ అబుర్రీదాస్'. అదే నలుగురూ 'మాకు బోర్ కొట్టింది' అనడానికి 'నోస్ ఎమోస్ అబుర్రీదో' అంటారు. అక్కడ 'అబుర్రీదో' మారదు, ఎందుకంటే అది 'అబేర్' అనే సహాయక క్రియతో వచ్చింది.

అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా ఓటు 'మె అబుర్రో'కి, అంటే 'అబుర్రీర్' క్రియనే నేరుగా వాడి 'నాకు బోర్ కొడుతోంది' అనడానికి. సెర్, ఎస్తార్ గొడవ లేదు, ఆడ మగ తేడా లేదు. ఇప్పుడు బోర్ కొడుతోందన్నా, ఎప్పుడూ కొడుతుందన్నా అదే మాట. క్లాసు మీదే నెట్టాలంటే 'మె అబుర్రే లా క్లాసే', అంటే ఆ క్లాసు నన్ను విసిగిస్తుంది. 'నాకు బోర్ కొడుతుంది' అనే అలవాటున్న నాలుకకు ఇది తేలిగ్గానే పడుతుంది. ఇంకాస్త రంగు కావాలంటే స్పెయిన్‌లో 'మె అబుర్రో కోమో ఉనా ఓస్త్రా' అంటారు, ఆల్చిప్పలా బోర్ కొట్టి చస్తున్నానని.

ఒక్కచోట మాత్రం ఎస్తోయ్‌దే పైచేయి. బస్సు కోసం చూసి చూసి విసిగిపోయినప్పుడు 'ఎస్తోయ్ అబుర్రీదో దె ఎస్పెరార్' అనాలి. ఆ ఓపిక నశించడం 'మె అబుర్రో'లో అంతగా పలకదు. ఇక 'సోయ్ అబుర్రీదో' మిమ్మల్ని మీరే వెక్కిరించుకోవాలనుకున్నప్పుడు పనికొస్తుంది.