గణాంకాలతో పౌర హక్కుల పాఠం: ఒక చార్టుల సెట్టుపై సమీక్ష

ఉన్నత పాఠశాలల సాంఘిక శాస్త్ర బోధనకు తెలుగులో తయారైన పౌర హక్కుల చార్టుల సెట్టును ఆదోని ప్రాంతంలోని మా బడిలో తొమ్మిదో తరగతికి వాడాము. అధికరణాలను వల్లె వేయించడం కాకుండా, జనాభా లెక్కలను, ఓటర్ల నమోదు వివరాలను ముందుగా గ్రాఫులో చూపి, ఆ తేడాలు ఎందుకు వచ్చాయో పిల్లల చేతనే అడిగించడం దీని పద్ధతి. అది చక్కగా పనిచేస్తుంది.

అన్నింటిలోకి బలమైనది అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు కమ్మీ చిత్రం. 1965 నాటి ఓటు హక్కుల చట్టానికి ముందు అక్కడి నల్లజాతి వయోజనుల్లో ఓటర్లుగా నమోదైనవారు సుమారు 6.7 శాతం కాగా, 1967 నాటికి వారు దాదాపు 59.8 శాతానికి చేరారు. అక్షరాస్యత పరీక్షల పేరు చెప్పి నల్లవారిని ఓటర్ల జాబితాలోకి రానీయని తీరును వివరిస్తుండగా, ఒక అమ్మాయి లేచి "మా అవ్వకు చదువు రాదు, అయినా ఓటేస్తుంది కదా సార్" అంది. వెంటనే మన దేశపు చార్టు తీశాను. 1951లో అక్షరాస్యత 18.33 శాతమే, స్త్రీలలో 8.86 శాతమే, అయినా తొలి సార్వత్రిక ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటు హక్కు దక్కింది. ఆ తరువాత 326వ అధికరణాన్ని వేరే బోధించవలసిన పని పడలేదు.

అయితే కర్నూలు జిల్లా అక్షరాస్యత చార్టులో పెద్ద లోపముంది. 2011 లెక్కల్లో పురుషులు సుమారు 70 శాతం, స్త్రీలు సుమారు 50 శాతం ఉండగా, నిలువు అక్షాన్ని 40 దగ్గర మొదలుపెట్టడం వల్ల ఒక కమ్మీ రెండోదానికి మూడింతలు కనిపిస్తుంది. అన్యాయం ఉన్నదే, దాన్ని పెంచి చూపితే, నిజం తెలిసిన రోజున పిల్లలు అసలు లెక్కను కూడా నమ్మరు. అందుకే గ్రాఫు కాగితం మీద సున్నా నుంచి మళ్ళీ గీయించాను. ఆ అంకెలు 2022లో నంద్యాల విడిపోక ముందటి జిల్లావని కూడా చార్టు మీద రాయవలసింది.

మండలాల వివరాలు లేకపోవడం మరో కొరత. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వలస వెళ్ళే నెలల్లో పిల్లల సంఖ్య ఎలా పడిపోతుందో మా హాజరు పట్టీ నుంచే గ్రాఫు గీయించి, ఉచిత నిర్బంధ విద్యకు హామీనిచ్చే 21ఎ అధికరణం పాఠానికి జత చేశాము. సెట్టులోని ఏ చార్టు మీదా జరగనంత చర్చ దాని మీద జరిగింది.

ముద్రణ బాగుంది గాని, అంకెలు వెనక బెంచీలకు కనిపించవు. ఎనిమిది నుంచి పది తరగతులకు నిస్సంకోచంగా కొనవచ్చు. తరువాతి ముద్రణలో మాత్రం ప్రతి చార్టుకూ దాని మూల పట్టికను, పిల్లలు గీసుకోవడానికి ఒక ఖాళీ గ్రాఫు కాగితాన్ని తప్పక జతచేయాలి.